స్వీడను దుంప చరిత్ర

నేడు నేను మీకు విన్నవింపదలచినది ఒక దుంప చరిత్ర. రాజుల చరిత్రలను, యుద్ధముల చరిత్రలను మీరు పెక్కు వినియున్నారు. ఈ దుంప చరిత్రలో రాజులును గలరు, యుద్ధములును గలవు. కాని వాని నన్నిటిని మించి యాకలి గలదు. దీనిని ఇంగ్లీషువారు స్వీడు అనియు, అమెరికావారు రుటబాగా అనియు, స్కాట్లండువారు నీపు అనియు, జర్మనులు కోల్‌రూబె అనియు పిలుతురు. మన తెలుగున దీనికి పేరు లేదు. మన సంతలకు రాని వస్తువునకు పేరుపెట్టవలసిన యక్కఱ మనవారికి కలుగలేదు. కనుక నేను దీనిని స్వీడను దుంప యనియే వ్యవహరించెదను.

ఇది చూచుటకు పీచు తీయని కొబ్బరికాయ యంత యుండును. మీదిభాగము ఊదావన్నె; క్రిందిభాగము పసుపు కలసిన తెలుపు; కోసినచో లోపల నిమ్మపండువంటి పసుపు. శల్గమని ఉత్తరాదివారు తిను దుంపకును దీనికిని పోలిక గలదు గాని, రెంటిని గుర్తించుట సులభము. స్వీడను దుంపకు తలపై మెడవంటి భాగ మొకటి యుండును. రాలిన యాకుల మచ్చలు దానిచుట్టును వరుసగా కనబడును. శల్గమున కట్టి మెడ లేదు. శల్గపుటాకు నూగుతో గరుకుగా నుండును. స్వీడను దుంప యాకు కోసుకూర యాకువలె నున్నగా, బూడిద చల్లినట్లుండును.

మన యెఱుకలోని వస్తువుతో పోల్చి చెప్పవలసినచో, నూలుకోలును తలచుకొనుడు. చలికాలమున మన యంగళ్లకు వచ్చు నా లేతపచ్చని గడ్డ దీనికి దగ్గఱి చుట్టమే. అయితే నూలుకోలు నేలపై నుబ్బిన కాండము. స్వీడను దుంప వేరును కాండపుమొదలును కలసి యుబ్బినది. నూలుకోలు పిడికిలి యంత యుండగనే కోయవలయును, ముదిరినచో పీచు. స్వీడను దుంప మనుష్యుని తలకాయ యంత పెరిగినను తినదగియే యుండును. జర్మనులు నూలుకోలును కోల్‌రాబీ యనగా, నార్వేవారు స్వీడను దుంపనే కోల్‌రాబీ యందురు. ఈ పేళ్ల చిక్కువలన వంటపుస్తకములు తర్జుమా చేయువారు ఒకదానికి మాఱుగా వేఱొకటి వ్రాయుట కలదు. చదువువారు జాగ్రత్త వహింపవలయును.

ఈ మొక్క యెట్లు పుట్టినదను ప్రశ్నకు 1935వ సంవత్సరమున సమాధానము దొరకెను. నాగహారు ఊ అను శాస్త్రజ్ఞుడు జపానునందు ఆవాలజాతి మొక్కలను పరిశోధించుచుండెను. ఆయన తండ్రి కొరియావాడు, తల్లి జపానువనిత. జీవకణములలో క్రోమోజోములను పోగులు గలవు. ఒక్కొక్క జాతికి వాని సంఖ్య యొక్కొక విధముగా నుండును. శల్గమునకు 20, కోసుకూరకు 18, స్వీడను దుంపకు 38. ఈ లెక్క కేవలము కాకతాళీయము కాదని ఊ గ్రహించి, ఆ రెండు జాతులను కలిపి సంకరము చేయించి, మూడవదానిని పుట్టించి చూపెను. అనగా ఎప్పుడో, ఎక్కడో, ఏ పెరటిలోనో శల్గమును కోసుకూరయు ప్రక్కప్రక్కన పూచియుండ, తేనెటీగలు పుప్పొడిని మార్చుటవలన ఈ జాతి జనించినది. నేడు కనోలా యను పేర నమ్ముడగు నూనె యిచ్చు మొక్కయు నీ జాతిదే. ఇంకొక మాట. మన పోపులో చిటపటలాడు ఆవాలును ఇట్టి సంకరమే. శల్గపు 20, నల్లయావాల జాతి 16 కలసి 36. కనుక స్వీడను దుంపను బొత్తిగా పరాయిది యనుటకు వీలులేదు. మన పోపులపెట్టెలో దాని సవతిబిడ్డ యున్నది.

వ్రాతలలో దీని ప్రసక్తి మొదట స్పష్టముగా గానవచ్చుట 1620లో. స్విట్జర్లండు దేశపు బాజెలు నగరవాసి యగు గాస్పారు బాహిన్ అను వృక్షశాస్త్రజ్ఞు డా యేట ప్రకటించిన గ్రంథమున దీనిని వర్ణించెను. రుటబాగా యను పేరు స్వీడను దేశపు పల్లెమాట. వేరు, ముద్ద యను నర్థములుగల రెండు పదముల కూడిక. ఉత్తరదేశములనుండి దక్షిణమునకు దిగినది గనుకనే ఇంగ్లీషువారు దీనికి స్వీడు అని దేశనామమునే పెట్టిరి.

బ్రిటనునకు ఇది పదునెనిమిదవ శతాబ్దపు చివరిభాగమున వచ్చినది. దీనిని గూర్చి స్కాట్లండున నొక కథ చెప్పుకొందురు. డాల్‌స్వింటను భూస్వామి యగు పాట్రిక్కు మిల్లరు అను నాతడు నౌకానిర్మాణమున క్రొత్త పద్ధతులను పరీక్షించుచుండెను. తన నౌకల వివరముల నాతడు స్వీడను రాజగు మూడవ గుస్టావునకు పంపగా, రాజు సంతసించి బంగారు నస్యపుబరిణె నొకదానిని బహుమానముగా పంపెననియు, ఆ బరిణెలో నీ దుంపవిత్తుల పొట్లముండెననియు కథ. బంగారముకంటె పొట్లమే విలువగలదైనదని స్కాట్లండు రైతు లిప్పటికిని చమత్కరింతురు. కథ యంతయు నిజమో కాదో గాని, ఆ మిల్లరు భూమిలోనే కవి రాబర్టు బర్న్‌సు 1788 మొదలు 1791 వఱకు కౌలురైతుగా నుండుట మాత్రము నిజము. నేడు ప్రతి జనవరి 25వ తేదీని ఆ కవి జన్మదినోత్సవమున స్కాట్లండువారు వడ్డించు విందులో ఈ దుంపముద్ద తప్పక యుండవలయును.

అంతకుముందే ఇంగ్లండున శల్గము రైతుల బ్రదుకును మార్చియుండెను. టౌన్‌షెండు ప్రభువు (1674-1738) రాజకీయములు విడిచి తన భూములకు బోయి శల్గపుసాగును ప్రచారము చేయగా, జనులు ఆయనను టర్నిప్పు టౌన్‌షెండని పిలిచిరి. గోధుమ, శల్గము, బార్లీ, క్లోవరు అను నాలుగు పంటల మార్పిడివలన బీడుపెట్టవలసిన యక్కఱ తగ్గెను. చలికాలమున పశువులకు మేత దొరకెను. పశువులుండుటచే ఎరువు పెరిగెను. శల్గము మంచునకు కుళ్లును. స్వీడను దుంప దానికంటె గట్టిది, బలవర్ధకమైనది, ఎక్కువకాలము నిలువయుండునది. కావున ఉత్తరపు చలినేలలలో శల్గమునకు మాఱు దీనినే వేయజొచ్చిరి.

ఇక్కడ మీ యిండ్లకు సంబంధించిన సంగతి యొకటి గలదు. మీలో పలువురు పొలములకు వేయు సూపరు ఫాస్ఫేటు చరిత్ర ఈ దుంపలతో ముడిపడియున్నది. ఇంగ్లండులోని రోథాంస్టెడు గ్రామపు జమీందారగు జాన్ బెన్నెటు లాసు ఎముకలను, భాస్వరపు రాతిని గంధకికామ్లముతో కలిపి యెరువు చేయు పద్ధతికి 1842లో పేటెంటు పొందెను. ఆ యెరువు గుణము కంటికి స్పష్టముగా కనబడిన పైరులలో శల్గము ముఖ్యము. ఈ దుంపజాతి లేతమొక్కలకు భాస్వరమన్న మిక్కిలి యాశ; పడినచోట పైరు లేచును, పడనిచోట గిడసబారును. 1843లో లాసు లండను చెంత డెట్‌ఫర్డులో కర్మాగారమును నెలకొల్పెను. రసాయనపుటెరువుల వ్యాపారమున కదియే నాంది.

ఇక సాగు. బ్రిటనులో మే, జూను మాసములలో విత్తుదురు. విత్తనములు ఆవగింజలవలెనే యుండును. కలిపి పోసినచో వేఱుచేయుట కష్టము. బోదెలు తీసి, వానిపై సన్నని సాలుగా విత్తి, మొక్క నాలుగాకులు తొడిగిన పిదప పారతో తొమ్మిదంగుళముల కొక్కటి చొప్పున నిలిపి తక్కినవానిని కోసివేయుదురు. ఈ పలుచన చేయుట చాల నేర్పుగల పని. పూర్వము స్కాట్లండున కూలివారు వరుసలుగా నిలిచి పోటీలుపడి చేయుచుండిరి. అటుపిమ్మట అయిదాఱు మాసములకు దుంప యూరును. దీనికి ఎండ గిట్టదు. వేడి యెక్కువైనచో దుంప చేవదేఱి చేదెక్కును. మొదటి మంచు సోకిన తరువాతనే తవ్వవలయునని యచటి రైతుల నియమము. చలికి దుంపలోని పిండిపదార్థము కొంత చక్కెరగా మాఱి రుచి తీయనగును.

తెగుళ్లు లేకపోలేదు. వానిలో ఘోరమైనది వేరుబుడిపె తెగులు. వేళ్లు వాచి, చేతివ్రేళ్లవలె మెలికలు దిరిగి, మొక్క వాడిపోవును. దీనికి కారణమగు సూక్ష్మజీవిని రష్యా దేశీయుడగు వొరోనిన్ 1878లో కనిపెట్టి వివరించెను. నేలలో సున్నము వేయుట, అదే జాతి పైరును మరల మరల వేయకుండుట తప్ప దీనికి రైతుచేతిలో పెద్ద మం దేదియు లేదు. నేలలో టంకణపు సారము తక్కువైనచో దుంపనడుమ గోధుమవన్నె మచ్చపడి కుళ్లుదల కలుగును. పిడికెడు టంకణము చాల నేలకు సరిపోవును.

మన మైదానములలో దీనికి కావలసిన చలి రెండు మూడు మాసములకు మించి నిలువదు. కనుక దీనిని వేయుడని నేను మీకు సలహా నీయను. చలికాలపు కూరకు మనకు రెండు మాసములలో చేతికివచ్చు నూలుకోలే తగినది.

నిలువచేయు విధము మాత్రము మీకు పరిచితమైనదే. మన పెద్దలు జొన్నలను పాతర వేయుచుండిరి గదా! అచ్చటివారు దుంపలను వేయు పాతర నేలపైననే యుండును. నీరు నిలువని మెఱకపై గడ్డి పఱచి, ఆకులు మెలిపెట్టి త్రుంచిన దుంపలను ఇంటి కప్పు ఆకారమున పేర్చుదురు. దానిపై జానెడు మందము గడ్డి. గడ్డిపై ఆరంగుళముల మన్ను. మన్ను నున్నగా తట్టి, చుట్టును కాలువ తీయుదురు. కొనపై నక్కడక్కడ గడ్డికట్టను నిలువుగా దోపి పొగగొట్టమువలె విడిచెదరు. దుంపలు విడుచు తేమయు, ఆవిరియు దానిగుండ వెడలిపోవలయును. లేకున్న లోపల చెమర్చి కుళ్లును. దెబ్బతగిలిన దుంప యొక్కటి పడినను ప్రక్కవానిని చెఱచును గనుక ఏఱివేయుటలో సోమరితనము పనికిరాదు. నీరు గడ్డకట్టు చలికి కొంచెముమీద, గాలి తడిగానున్న చోట, ఇది నాలుగు మొదలు ఆరు మాసములు నిలుచును. ఈ గుణమే దీనిని చరిత్రలోనికి లాగినది. అన్నియు నైపోయిన తరువాత పాతరలో మిగిలియుండు వస్తువిది.

1914లో మొదటి ప్రపంచయుద్ధ మారంభమైనంతనే ఇంగ్లీషు నౌకాదళము జర్మనీ సముద్రమార్గములను దిగ్బంధించెను. జర్మనులు తాము తిను ఆహారములో సుమారు మూడవవంతు, పొలములకు వేయు నత్రజనపుటెరువును విదేశములనుండి తెప్పించుకొనుచుండిరి. ఎరువునకు పనికివచ్చు నత్రజనము మందుగుండునకు పోయెను. గుఱ్ఱములును, పాలేర్లును యుద్ధభూమికి పోయిరి. 1915లో ప్రభుత్వపండితులు కొందఱు పందులు మనుష్యుల తిండిని తినివేయుచున్నవని లెక్కలు వేసి లక్షలకొలది పందులను చంపించిరి. దానివలన కొన్నాళ్లు మాంసము పుష్కలముగా దొరకి, పిదప మాంసమును లేదు, క్రొవ్వును లేదు, పందులపేడ యెరువును లేదు. కాగితముపై సరియైన లెక్క పొలములో తప్పగుట కింతకంటె నుదాహరణము నాకు తోచదు.

1916లో వానలు విడువకుండ కురిసెను. బంగాళాదుంప పైరునకు మాడుతెగులు సోకెను. దానికి మందు మైలుతుత్తమును సున్నమును కలిపిన బోర్డో మిశ్రమము. మైలుతుత్తమునకు రాగి కావలయును. రాగి యంతయు తూటాలకు, ఫిరంగులకు పోయియుండెను. పంట అంతకుముందటి యేటి పంటలో సగమునకు దిగిపోయెను. జర్మను పేదవాని ప్రధానాహారము బంగాళాదుంపయే. దానికి మాఱుగా ప్రభుత్వమువారు పాతరలలో పశువుల కొఱకు దాచిన స్వీడను దుంపలను తీయించి చీట్లపై పంచజొచ్చిరి. ఆ 1916-17 చలికాలమునకు జర్మనులు నేటికిని కోల్‌రూబెవింటరు, అనగా దుంపల చలికాలమని పేరు.

ఆ చలికాలము మహాఘోరమైనది. కాలువలు గడ్డకట్టెను, బొగ్గు రాదయ్యెను, రైళ్లు చాలవయ్యెను. పట్టణములలో నుదయమున దుంపపిండి కలిపిన రొట్టె, దానిపై దుంపమురబ్బా, మధ్యాహ్నమున దుంపచాఱు, రాత్రి దుంపముక్కల వేపుడు, అదియు నూనె లేకయే. ఎండబెట్టి వేయించి పొడిచేసిన దుంపతో కాఫీ. దుంపను నూఱు విధముల వండుట నేర్పు పుస్తకములు వెలువడెను. జను లేడువలేక నవ్వి, దీనికి తూర్పుప్రష్యా అనాస యని పేరుపెట్టిరి.

ఇక్కడ నొక లెక్క చూడుడు. స్వీడను దుంపలో నూటికి సుమారు 90 పాళ్లు నీరే. కిలో దుంప తిన్నచో దేహమునకు కలుగు శక్తి 370 కాలరీలకు మించదు. ఆ చలికాలమున పట్టణవాసులకు చీట్లపై దొరకినది దినమునకు సుమారు 1000 కాలరీలని చరిత్రకారులు చెప్పుదురు. అంతమాత్రమును దుంపలతోనే పూరింపవలసినచో దినమునకు రెండున్నర కిలోలకు పైగా తినవలయును. కడుపు నిండును, ఆకలి తీరదు. ఇది దుంప దోషము కాదు. క్రొవ్వు, పప్పు, ధాన్యము ప్రక్కనున్నప్పుడు మంచికూరయైన వస్తువును అన్నమునకు మాఱుగా పెట్టిన వారిది దోషము.

ఈ లెక్క చూచినపుడు మన ధాత కరువు (1876-78) తలంపునకు రాకమానదు. 1877 జనవరిలో సర్ రిచర్డు టెంపిలు చెన్నపురి రాజధానిలో కరువుపనులు చేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమును ఒక యణాయును చాలునని నిర్ణయించెను. పౌను బియ్యమునకు కాలరీలు సుమారు 1600. ఆరోగ్యశాఖాధికారి యగు డాక్టరు కార్నిషు ఇది మట్టిపని చేయువానికి చాలదని గట్టిగా వాదించెను. జర్మనీలో దుంప, ఇచ్చట పౌను బియ్యము. రెండుచోట్లను కడుపునిండినవారే కొలతను నిర్ణయించిరి.

పట్టణపు జర్మనులు దుప్పట్లను, గడియారములను, పెండ్లి వెండిపాత్రలను మూటకట్టుకొని పల్లెలకు బోయి రైతుల గుమ్మములలో నిలిచి గ్రుడ్లు, వెన్న మార్చుకొనుచుండిరి. 1917 ఏప్రిలు 16వ తేదీని రొట్టె కొలత తగ్గింపగా బెర్లినులో రెండు లక్షలకు పైగా కార్మికులు పని మానిరి. మఱునటి సంవత్సరము నవంబరు 9న చక్రవర్తి సింహాసనము పోయెను. దిగ్బంధము మాత్రము 1919 జూలై వఱకు తొలగలేదు. ఆ దిగ్బంధమువలన 7,63,000 మంది పౌరులు మరణించిరని జర్మను ఆరోగ్యశాఖవారు 1918లో లెక్కకట్టిరి. తరువాతి చరిత్రకారులు దానిని తగ్గించి నాలుగు లక్షలకు పైచిలుకనిరి. తగ్గించిన లెక్కయే యెంతటిదో చూడుడు.

రెండవ యుద్ధమున నిదే కథ పరాసుదేశమున జరిగెను. 1940 మొదలు 1944 వఱకు జర్మనులు ఆ దేశము నాక్రమించి బంగాళాదుంపలను తరలించుకొనిపోగా, ప్రజలకు రుటబాగాయు, టోపినాంబూరను మఱియొక దుంపయు మిగిలెను. యుద్ధానంతరము ఆ తరమువారిలో చాలమంది మరల వానిని ముట్టలేదు. తల్లులు బిడ్డలకు వండిపెట్టలేదు. సంతలనుండి ఆ దుంపలు దాదాపు మాయమయ్యెను. మన పల్లెలలోను జొన్నయన్నము, సజ్జసంకటి పేదతిండియని ఒక తరము తలవంచుకొనుట మీరు కన్నులార చూచినదే గదా!

అదే దుంప ఆక్రమణకాలముననే నార్వేలో (1940-45) జనులను చాలవఱకు కాపాడినది. అక్కడివారికి అది శత్రువు పడవేసిన మేత కాదు, తాతలనాటి కూర. దానిలో సి విటమిను సమృద్ధిగా నుండుటచే నార్వేవారు దానిని ఉత్తరదేశపు నారింజ యందురు. ఫిన్లండున క్రిస్మసు పండుగకు ఉడికించి మెదిపి, మీగడ, గ్రుడ్డు, రొట్టెపొడి, పానకము, జాజికాయ కలిపి సన్నని సెగపై గంటలకొలది కాల్చిన దుంపవంట లేని యిల్లు ఉండదు. ఐర్లండు, స్కాట్లండులలో అక్టోబరు 31వ తేదీ రాత్రి శల్గమునో, స్వీడను దుంపనో తొలిచి, లోపల దీపము పెట్టి పిల్లలు ఊరేగుచుండిరి. ఆ యాచారము వలసపోయినవారివెంట అమెరికాకు పోయి, అచ్చట తొలుచుటకు సులభమగు గుమ్మడికాయకు మాఱినది.

మీలో పలువురి బిడ్డలు నేడు అమెరికా, కెనడా, ఇంగ్లండులలో కాపురములు చేయుచున్నారు. చలికాలమున వారికి ఈ దుంప చవుకగా దొరకును గనుక వండు విధమును కొంచెము చెప్పి ముగించెదను. అమెరికా యంగళ్లలో దుంప వాడకుండుటకై మైనము పూసి యమ్ముదురు. అది తినదగినది కాదు, చెక్కును మందముగా తీసివేయవలయును. దుంప గట్టిది గావున ముందుగా నడిమికి కోసి, చదునైన వైపు పలకపై నుంచి ముక్కలు తఱుగవలయును, లేనిచో కత్తి జాఱును. ముక్కలు అంగుళములో సగము మాత్రముండిన అరగంటలో నుడుకును. స్కాట్లండువారు దానిని మెదిపి, వెన్నయు మిరియాలును దండిగా వేయుదురు. స్వీడనువారు గజ్జర, బంగాళాదుంప చేర్చి మెదుపుదురు. మన పద్ధతిలో నూలుకోలువలెనే కందిపప్పుతో నుడికించి, ఎండుమిరప, జీలకఱ్ఱ, వెల్లుల్లి పోపు పెట్టవచ్చును. కొంచెము తీపిగల దుంప గనుక చింతపండు పులుసులో నిముడును, బెల్లము వేయనక్కఱలేదు. వేపుడు చేయువారు ముక్కలను ముందుగా ఉప్పునీట నొక పొంగు రానిచ్చి, ఆ నీరు పాఱబోసి వేపినచో ఆవజాతి చేదు పోవును. పైన నువ్వులపొడి చల్లవలయును.